పాలకేంద్రం గదిలో 900 పుస్తకాలు, చోటు 400కే: మంచిదేదో చెడ్డదేదో ఎట్లా తేలుస్తారు?

పాకాల పిల్లోడు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పాకాల మండలంలో చిన్న పల్లె. ఊళ్ళో పాత పాలకేంద్రం గది ఏళ్ళ తరబడి మూతపడి ఉండేది. సర్పంచ్‌ను అడిగి తాళం తీయించి, సున్నం కొట్టించి, రెండు పాత బీరువాలు పెట్టాం. తిరుపతిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు కాలం చేశాక ఆయన పిల్లలు పుస్తకాలన్నీ మాకు ఇచ్చేశారు. ట్రాక్టర్‌లో తెచ్చి లెక్కపెడితే 900 దాటాయి. బీరువాల్లో పట్టేవి 400. మిగతావి కింద పెడితే చెదలు పడతాయి, వానొస్తే చెమ్మ.

ఈరోజు నలుగురం కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. గంటలో గొడవ. ఒకడు అవార్డు వచ్చినవన్నీ ఉంచుదాం అంటాడు. ఇంకొకడు, ఊళ్ళో ఎవరూ ముట్టని పుస్తకం ఎంత గొప్పదైతే ఏం లాభం అంటాడు. నేను ఒక నవల పట్టుకుని ఇది మంచిది అన్నాను. ఎందుకు అని అడిగితే నోట మాట రాలేదు. పదో తరగతిలో చదివి ఏడ్చాను, అంతే తెలుసు.

పేర్ల జాబితా వద్దు. పుస్తకం చేతికొస్తే మీరు ఎట్లా తేలుస్తారో చెప్పండి.


గాంధీ రోడ్డు ప్రూఫ్
ఆదివారం, రాత్రి 10:25

తమ్ముడూ, నేను తిరుపతిలో 22 ఏళ్ళుగా డీటీపీ చేస్తూ ప్రూఫులు చూస్తున్నాను. ముందు చేతికి తెలిసేది చెప్తాను. పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరువు. ఫారాలు, అంటే మడత పెట్టిన కాయితాల కట్టలు, దారంతో కుట్టిందైతే చదునుగా పరుచుకుంటుంది, యాభై మంది చేతులు మారినా నిలుస్తుంది. వీపున గమ్ము మాత్రమే పూసిందైతే పటుక్కుమంటుంది, కొన్నాళ్ళకు కాయితాలు ఊడి వస్తాయి. లైబ్రరీకి ఇది చిన్న సంగతి కాదు.

తర్వాత ఆ నడిమి పేజీనే చదువు. మొదటి పేజీ చూసి మోసపోవద్దు. దాన్ని రాసినవాళ్ళు పదిసార్లు దిద్దుకుని ఉంటారు. నూట ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. అక్కడ కూడా వాక్యం మీద శ్రద్ధ ఉందా, ‘బాధ’ కాస్తా ‘భాద’ అయిందా, మనిషి పేరు మారిందా చూడు. నా దగ్గరికొచ్చిన ఒక నవలలో 40వ పేజీలో చనిపోయిన మేనత్త 170వ పేజీలో కాఫీ తెచ్చి ఇచ్చింది. రచయితకు ఫోన్ చేసి చెప్తే, ఆవిష్కరణకు హాలు మాట్లాడేశాం, అట్లే వేసేయండి అన్నారు. అట్లే వేశాం. ఆ పుస్తకం ఎక్కడ కనపడినా నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మన దగ్గర పుస్తకాలు చెడేది రాసేవాళ్ళకు తెలివి లేక కాదు, రెండోసారి చూసే మనిషి లేక. సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుని, బంధువులకు పంచి, అటక మీద పెట్టేస్తారు. నడుమ నిలబడి ‘ఈ అధ్యాయం అక్కర్లేదండీ’ అని చెప్పేవాళ్ళు ఉండరు. కన్యాశుల్కం మొదట 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి, పెంచి 1909లో మళ్ళీ వేశారు. ఈరోజు మనం చదివేది, ఆడేది ఆ రెండోదాన్నే. అంత మనిషికే పన్నెండేళ్ళు పట్టింది.


చెనక్కాయ సేద్యం
సోమవారం, ఉదయం 5:50

పూతలపట్టు దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట. చదివింది ఇంటర్ దాకా. పుస్తకాలు మాత్రం విడవలేదు.

పోయినేడు ఒక నవల కొన్నాను. పెద్ద పేరున్నదే. నాలుగో అధ్యాయంలో పల్లె వస్తుంది. ‘కూలీలు కొడవళ్ళతో వేరుశనగ చేను కోస్తున్నారు’ అని రాసి ఉంది. అక్కడే మూసేశాను. చెనక్కాయ చేను కోసేది కాదు, పీకేది. కాయ భూమిలో ఉంటుంది. పదునులో పీకితే చెట్టుకు గుత్తులు గుత్తులుగా వస్తుంది, మట్టి విదిలిస్తే ఆ వాసనే వేరు. చివర్లో వాన మొహం చాటేసి నేల బిగిస్తే చెట్టు మాత్రం చేతికొస్తుంది, కాయ లోపలే తెగి ఉండిపోతుంది. అప్పుడు ఆడవాళ్ళు తొలికలు తీసుకుని ఎండలో కూర్చుని తవ్వి ఏరుకుంటారు. మా అమ్మ అట్లా ఏరిన కాయలు అమ్మి నాకు బడి పుస్తకాలు కొనేది.

ఆ రాసినవాళ్ళు ఒక్క పూట చేనుగట్టున నిలబడి ఉంటే ఇదంతా ఊరికే దొరికేది. కథంతా అక్కడే పడి ఉంది. తెలియంది తెలిసినట్టు రాస్తే అది చెడ్డ పుస్తకం. నాకు ఇంకో కొలత లేదు.


చందమామ చందాదారు
సోమవారం, ఉదయం 8:15

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ కొలత పెడితే మేం పెరిగిన కథలన్నీ పోతాయి. చందమామ 1947లో మొదలైంది, మా ఇంట్లో మూడు తరాలు చదివాం. మర్రిచెట్టు తొర్రలో దయ్యం, ఏడు సముద్రాల అవతల చిలకలో రాక్షసుడి ప్రాణం. ఎవరు పోయి చూసి రాశారు?


చెనక్కాయ సేద్యం
సోమవారం, మధ్యాహ్నం 1:30

ఎవరూ చూడలేదు. అయినా ఆ కథలో ప్రాణం చిలకలో ఉందని ఒకసారి చెప్పినాక కడదాకా చిలకలోనే ఉంటుంది కదా. రాకుమారుడు కష్టంలో పడినాడని దాన్ని తెచ్చి గుమ్మడికాయలో పెట్టరు. పెడితే మా మనవరాలే ఊరుకోదు, తాతా నువ్వు తప్పు చెప్తున్నావు అంటుంది. రాక్షసుడి గురించి కూడా తెలిసే రాయాల.


విద్యాపీఠం విద్యార్థిని
సోమవారం, సాయంత్రం 6:05

నేను ఇక్కడి సంస్కృత విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదువుతున్నాను. ఊళ్ళో ఇంకా అందరూ విద్యాపీఠం అనే అంటారు. చెనక్కాయ సేద్యం గారు చెప్పిన మాటకు మా శాస్త్రంలో ఒక పేరుంది, ఔచిత్యం. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు దీని మీదే ఒక గ్రంథం రాశాడు. ఔచిత్యమే కావ్యానికి ప్రాణం అంటాడు. ఆయన ఇచ్చిన పోలిక నాకు చాలా ఇష్టం: వడ్డాణం మెడలో వేసుకుని, హారం నడుముకు చుట్టుకుని, అందెలు చేతికి తొడుక్కుంటే చూసేవాళ్ళు నవ్వరా? నగలు బంగారంవే. ఉండాల్సిన చోట లేవు.

అంటే తప్పు కొడవలిది కాదు, అది వరిమడిలో ఉంటే బాగుండేది.

ఇంకో సంగతి కూడా అడగాలనిపిస్తోంది. ఇక్కడ ఇంతవరకూ అందరం పుస్తకాన్నే బోనులో నిలబెట్టాం. మరి చదివేవాళ్ళ మాటేమిటి? వెయ్యేళ్ళ కిందట అభినవగుప్తుడు సహృదయుడంటే ఎవరో చెప్తూ మనసును అద్దంతో పోల్చాడు. కావ్యాలు చదివే అలవాటు వల్ల ఆ అద్దం తేటపడుతుందట, అప్పుడే చదివేదానితో ఒకటి కాగలుగుతామట. నేను పదిహేనేళ్ళప్పుడు విసిరికొట్టిన పుస్తకాన్ని ఇప్పుడు హాస్టల్లో తలగడ పక్కన పెట్టుకుంటున్నాను. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు.


అలిపిరి మెట్లు
సోమవారం, రాత్రి 8:50

శాస్త్రం బాగానే ఉందమ్మా. పల్లెలో గది, రెండు బీరువాలు, ఇది లెక్క. జనం అడిగేవి ఉంచాలి, అడగనివి తీసేయాలి. ఎవరూ చదవని పుస్తకం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.


విద్యాపీఠం విద్యార్థిని
సోమవారం, రాత్రి 9:20

అన్నా, మీరు రోజూ ఎక్కే కొండ మీదే దీనికి జవాబు ఉంది. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో భద్రం చేశారు. తర్వాత వందల ఏళ్ళు అందులో చాలా భాగం లోకానికి తెలియకుండానే ఉండిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు ఆ రేకుల ముందు కూర్చుని చదివి, దిద్ది, అచ్చుకు ఎక్కించారు. వేల పాటలు బయటికొచ్చాయి. ఆ రేకుల్ని ఎవరూ అడగడం లేదని మధ్యలో ఎవరైనా కరిగించేసి ఉంటే?


అలిపిరి మెట్లు
సోమవారం, రాత్రి 9:45

సరేనమ్మా, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పాకాల గదిలో ఆ అర ఎంత పెద్దది పెట్టాలో మాత్రం ఎవరైనా చెప్పాలి.


అటక మీది బైండు
మంగళవారం, ఉదయం 11:10

నాకు 61 ఏళ్ళు. తిరుచానూరులో ఉంటాను. రెండు రోజులుగా మీ మాటలు చదువుతున్నాను, మీరంతా ఒక రకం పుస్తకాల పేరెత్తకుండానే పక్కన పెట్టేశారని నాకు అనిపించింది. వారపత్రికల సీరియల్ నవలలు.

మా అమ్మ ఐదో తరగతితో చదువు మానేసింది. పెళ్ళయి వచ్చాక అత్తగారింట్లో ఆమెకంటూ ఉన్నది మధ్యాహ్నం రెండు నుంచి మూడు గంటల దాకా, ఆ ఒక్క గంట. ఆ గంటలో సీరియల్ చదివేది. వారం వారం ఆ కాయితాలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, అయిపోయాక గోవిందరాజస్వామి గుడి దగ్గర బైండింగ్ చేయించేది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు అరువు తీసుకునేవాళ్ళు. ఒకే కాపీ పది ఇళ్ళు తిరిగి వచ్చేది, మధ్యలో పసుపు మరకలు, ఒకచోట ఎవరో కన్నీళ్ళు పెట్టుకున్నట్టు అక్షరాలు చెదిరి ఉండేవి. అద్దె పుస్తకాల షాపు నుంచి నేను రోజుకు పావలా ఇచ్చి తెచ్చిపెట్టేదాన్ని.

అవన్నీ గొప్పవని నేను అనను. చాలావాటిలో హీరో పొడుగు, కారు, కోపం, చివర్లో పెళ్ళి. ఇప్పుడు తిరగేస్తే నాలుగు పేజీలు కదలవు. కానీ కొన్నిటిలో ఆడపిల్ల ఉద్యోగానికి పోయి మొదటి జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడుతుంది. మా అమ్మ అది చదివి నన్ను డిగ్రీకి పంపాలని మా నాన్నతో మూడు నెలలు పోట్లాడింది. పద్మావతి కాలేజీలో సీటొచ్చింది. ఇప్పుడు ఆ నవల చెడ్డదని నాకెవరైనా చెప్తే నేను ఏమనాలి?

వాక్యం ఎట్లా ఉందన్నది ఒక ప్రశ్న. అది చదివిన మనిషి తర్వాత ఏం చేసిందన్నది ఇంకొక ప్రశ్న. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో తూయకండి. ఆ బైండ్లు కొన్ని ఉంచండి నాయనా. మొదటిసారి పుస్తకం పట్టుకునేవాళ్ళకు అవి గడప.


గాంధీ రోడ్డు ప్రూఫ్
మంగళవారం, మధ్యాహ్నం 2:40

అమ్మా, నమస్కారం. మీ మాట చదివాక షాపులో పని ఆపి కూర్చున్నాను.


పుత్తూరు లెక్కల టీచర్
మంగళవారం, రాత్రి 7:30

బడి లైబ్రరీ పదేళ్ళుగా నా చేతిలోనే ఉంది. ఒక్క రకాన్ని మాత్రం నిర్మొహమాటంగా తీసేయమంటాను. పది రోజుల్లో విజయం, ముప్పై రోజుల్లో ధనం అనే పుస్తకాల తెలుగు అనువాదాలు. ‘మీరు మీ యొక్క భయాన్ని మీ వెనుక వదిలివేయడానికి ఎంపిక చేసుకోండి’ అని రాస్తారు. పిల్లవాడు దాన్ని చదివి, అర్థం కాక, తనకే తెలివి తక్కువేమో అనుకుంటాడు. నాకు ఒళ్ళు మండేది అందుకే. పుస్తకం తప్పును పిల్లవాడు తన తప్పనుకుంటున్నాడు.

అనువాదం అంటేనే అట్లా ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణ సంస్థలవాళ్ళు తెలుగులో వేసిన పిల్లల పుస్తకాలు మా బీరువాలో ఇప్పటికీ నాలుగు ఉన్నాయి. సోవియట్ యూనియన్ 1991లో పోయింది, ఆ కుట్టు మాత్రం ఊడలేదు. మంచు అంటే సినిమాలో తప్ప చూడని పుత్తూరు పిల్లలు ఆ కథల్లో తప్పిపోయిన కుర్రాడి కోసం ఊపిరి బిగబట్టి వింటారు. ఆ తెలుగు నోటికి తిరుగుతుంది. తేడా అంతా అనువాదం చేసినవాళ్ళు తెలుగులో ఆలోచించారా లేదా అన్నదే.


పాకాల పిల్లోడు
బుధవారం, రాత్రి 10:05

ఇంకో గొడవ కూడా తీర్చండి. మా జట్టులో ఒకడు మన చిత్తూరు మాటల్లో రాసిన కథల పుస్తకం తీసి, ఇందులో అన్నీ తప్పులే, పిల్లలు చెడిపోతారు అని తీసేసే కుప్పలో వేశాడు.


గాంధీ రోడ్డు ప్రూఫ్
బుధవారం, రాత్రి 10:50

తీసేయనివ్వొద్దు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను అదే తప్పు చేశాను. ఒకాయన కథల్లో ‘వస్తాండాడు’ అని ఉన్నచోటల్లా ‘వస్తున్నాడు’ అని దిద్ది పంపాను. మంచి చేశాననే అనుకున్నాను. ఆయన బస్సెక్కి వచ్చి, నా ముందు కూర్చుని, ముందు తను రాసింది, తర్వాత నేను దిద్దింది గట్టిగా చదివాడు. తను రాసింది చదివినప్పుడు ఒక ముసలాయన గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది. నేను దిద్దిందాంట్లో ఎవరూ లేరు. ఆ రాత్రి కూర్చుని అన్నీ మళ్ళీ వెనక్కి మార్చాను.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మన మాటల్లో రాసి దినపత్రికలో వేయించి రాష్ట్రమంతా చదివించాడు. అట్లాగని యాస ఉంటేనే మంచి పుస్తకం అని కూడా కాదు. మీ పక్కనే దామలచెరువులో బడిపంతులుగా ఉండి మధురాంతకం రాజారాం గారు నిదానమైన పుస్తకాల తెలుగులోనే ఈ నేల కథలు చెప్పారు, 1993లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఇద్దరి మనుషులూ మనకు సంతలో ఎదురైనవాళ్ళే. యాస పెట్టి వెనకాల మనిషిని పెట్టకపోతే మాత్రం అది వేషం. అట్లాంటివి కూడా నా దగ్గరికి వస్తుంటాయి, రెండు పేజీల్లో తెలిసిపోతుంది.


చెనక్కాయ సేద్యం
గురువారం, ఉదయం 6:15

తిరుచానూరు అక్కయ్య చెప్పిన మాట రెండు రోజులు మనసులో తిరిగింది. ఆ మూసేసిన నవల మళ్ళీ తీశాను. కొడవలి దాటి ముందుకు పోయాను.

అందులో చివరికొచ్చేసరికి కోడలు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటుంది. లోపల అత్తకు బాగాలేదు. ఇద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవు. ఎవరో వచ్చి పేషంటుకు మీరేమవుతారు అని అడుగుతారు. ఆ పిల్ల జవాబు చెప్పకుండా అత్త చెప్పుల జత బెంచీ కిందికి సర్దుతుంది. అంతే రాసింది రచయిత్రి, ఒక్క ముక్క ఎక్కువ రాయలేదు. మా అమ్మను వేలూరు తీసుకుపోయినప్పుడు నేనూ అట్లాంటి వరండాలో నాలుగు రాత్రులు పడుకున్నాను. చెప్పుల సంగతి నాకు తెలుసు. లోపలికి పోయిన మనిషి చెప్పులు బయట కనపడుతుంటే గుండె ఎట్లా ఉంటుందో తెలుసు.

ఆమెకు చేను తెలియదు, వరండా తెలుసు. నేను నా మాట వెనక్కి తీసుకోను, ఆ నాలుగో అధ్యాయం చెడ్డదే. కానీ పుస్తకాన్ని చెడ్డదని అనలేను. ఒకే పుస్తకంలో రెండూ ఉంటాయని ఇన్నేళ్ళు ఎందుకు తోచలేదో.


అటక మీది బైండు
గురువారం, ఉదయం 10:00

నాయనా, మీ అమ్మ ఇప్పుడు ఎట్లా ఉంది?


చెనక్కాయ సేద్యం
గురువారం, ఉదయం 10:20

లేదక్కా. మూడేళ్ళయింది.


పాకాల పిల్లోడు
ఆదివారం, రాత్రి 8:30

ఈ వారం ఏం చేశామో చెప్తాను. మా ఊళ్ళో ఇప్పుడు చింతపండు కొట్టే రోజులు. మధ్యాహ్నం పాలకేంద్రం అరుగు మీద పన్నెండు మంది దాకా ఆడవాళ్ళు కూర్చుని గింజ తీస్తుంటారు. ప్రూఫ్ అన్న చెప్పినట్టు ఒక్కో పుస్తకం మధ్యకు తెరిచి రెండు పేజీలు గట్టిగా చదివాం. ఆరు రోజులు, 50 పుస్తకాలు.

కొన్ని చదువుతుంటే నాకే నోరు తడబడింది, వాళ్ళు వాళ్ళ మాటల్లో పడిపోయారు. ఒక కథ మొదలుపెడితే సుత్తెల చప్పుడు ఆగిపోయింది, అది ఎప్పుడూ పేరు వినని రచయిత్రిది, గమ్ము బైండింగు, కవర్ కూడా లేదు. ఒకదానికి మా పెద్దమ్మ కోపంతో లేచిపోయింది. కన్నకొడుకు అట్లా చేస్తాడా, చదవొద్దు ఆపు అనింది. మరుసటి రోజు అందరికంటే ముందు వచ్చి కూర్చుని, ఆ అబ్బోడు ఇంటికి తిరిగొచ్చినాడా లేదా అని అడిగింది. ఆ రెండూ ఉంచుతున్నాం.

కానీ ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదని కూడా తెలిసింది. అవార్డు వచ్చిన ఒక నవల గట్టిగా చదివితే ఎవరికీ ఎక్కలేదు, పొడుగు వాక్యాలు. తీసేసే కుప్పలో పెట్టాం. సాయంత్రం చూస్తే తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ కుప్ప దగ్గరే నేల మీద కూర్చుని చదువుకుంటోంది. చీకటి పడినా లేవలేదు, ఇంటికి తీసుకుపోతానని అడిగింది. కొన్ని పుస్తకాలు ఒంటరిగా చదివేవాళ్ళ కోసం పుట్టినట్టున్నాయి.

అలిపిరి అన్నా, మీరు అడిగిన అర కింది వరసలో పెట్టాం. ఇప్పుడు ఎవరూ అడగనివి, మేం తీసేయడానికి మనసొప్పనివి అందులో 60. సీరియల్ బైండ్లకు పై అర ఒకటి ఇచ్చాం. టీచర్ గారు చెప్పిన విజయాల పుస్తకాలు 70 దాకా పోయాయి. ఇంతవరకూ చూసినవాటిలో ఇంకా 37 తేలలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటాం, వీలైనవాళ్ళు రండి. తిరుపతి నుంచి పాకాల బస్సు దిగి ఫోన్ చేస్తే బండి పంపిస్తాం.


గాంధీ రోడ్డు ప్రూఫ్
ఆదివారం, రాత్రి 9:15

నేను వస్తాను. కవర్ లేదన్నావే, ఆ పుస్తకం పక్కన పెట్టు. దబ్బనం, మైనం పట్టిన దారం, అట్టలు తెస్తాను. ఊడిపోయేవి ఇంకెన్ని ఉన్నాయో ఏరి ఉంచండి, పిల్లలు ఇద్దరు పక్కన కూర్చుంటే కుట్టడం నేర్పిస్తాను.


చెనక్కాయ సేద్యం
ఆదివారం, రాత్రి 9:40

నా నవల కూడా తెస్తాను, మీ గదికే ఇచ్చేస్తాను. నాలుగో అధ్యాయంలో పక్కన పెన్సిలుతో రాసి పెట్టాను, చెనక్కాయ ఎట్లా పీకుతారో. అట్లా రాయొచ్చు కదా తమ్ముడూ?


పాకాల పిల్లోడు
ఆదివారం, రాత్రి 9:42

రాయండన్నా. తొలికతో ఏరుకునే సంగతి కూడా రాయండి.